ఉక్కు మాస్టారి చేతులు

ఊపిరితిత్తుల కోసం తీసిన ఎక్స్‌రేలో మాస్టారి చేతులు కూడా పడ్డాయి. మామూలుగా ఎవరివీ అంతగా పడవట. ఈయన భుజాలు అంత వెడల్పు, పైగా నిలబడే ఓపిక లేక పడుకోబెట్టి తీశారు. ఆ నల్లటి ఫిల్ములో రెండు పక్కలా రెండు జబ్బలు దిగాయి. డాక్టరమ్మ దాన్ని లైటు పెట్టెకి తగిలించి, ఊపిరితిత్తుల్ని ఒక్క చూపు చూసి వదిలేసి, జబ్బల దగ్గర ఆగిపోయింది.

"ఇలా రండమ్మా," అంది.

మాస్టారి భార్య లేచి వెళ్లింది. కుట్టుపని చేసే మనిషి కాబట్టి దేన్నయినా కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూడటం అలవాటు. ఎముక ఎముకలాగే ఉంది. దాని చుట్టూ కండ ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి పలుకులు. కొన్ని ఆవగింజంత, కొన్ని గోళీలంత. పాత గోడ సున్నం పెచ్చులూడి పడితే ఎలా ఉంటుందో అలా, రెండు చేతుల్లోనూ.

"ఇవేంటండీ?"

"కాల్షియం. ఎముకల్లో ఉండాల్సింది కండలో చేరి గడ్డకట్టింది. రక్తంలో కూడా ఉండకూడనంత ఉంది. ఆ దాహం, ఆ వాంతులు, మాటల్లో ఆ తికమక, అన్నీ దానివల్లే. కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి." డాక్టరమ్మ చక్రాల కుర్చీ వైపు తిరిగింది. "మాస్టారూ, చేతులకి ఎప్పుడైనా ఇంజక్షన్లు వేసుకున్నారా? కండలు పెరగడానికి?"

కుర్చీలో తల వేలాడేసుకుని కూచున్న మాస్టారు తలెత్తాడు. "లేదు," అన్నాడు. పొద్దున్నుంచీ ఆయన నోటివెంట తడబడకుండా వచ్చిన మాట అదొక్కటే.

"నూనెలాంటి మందులు? పశువులకి వేసే విటమిన్లు? కొన్ని జిమ్ముల్లో అలాంటివి వేసుకుంటున్నారు. ఏళ్లు గడిచాక ఇలా బయటపడుతుంది. దాచకండి, నేనేం పోలీసుని కాదు."

"లేదన్నాగా."

ఆమెకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఈ డాక్టరమ్మ ఎవర్ని పట్టుకుని ఏమడుగుతోంది! ఊళ్లో ఈయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లే లేరు, ఉక్కు మాస్టారనే పిలుస్తారు. జిమ్ము గోడ మీద పెద్దక్షరాలతో 'ఇక్కడ చెమటే మందు' అని రాయించిన మనిషి.

"మా ఆయన సంగతి మీకు తెలీదు డాక్టరుగారూ. గుడ్లు, పాలు, కసరత్తు తప్ప ఇంకోటి ఎరగరు. జిమ్ములో సూదీ సీసా కనబడ్డాయని సొంత బావమరిదినే అందరి ముందూ చెంప పగలగొట్టి గెంటేశారు. ఎవర్నో కాదు, మా తమ్ముణ్ణే. నేను కూడా వాణ్ణి మా గడప తొక్కనివ్వడం లేదు. రెండేళ్లయింది."

డాక్టరమ్మ ఆమెను కాసేపు చూసింది. "ఆ అబ్బాయి వేసుకునేవాడా?"

"సీసా వాడి సంచిలోనే దొరికింది."

"అయితే ఆ అబ్బాయిని రమ్మనండి. రక్తం చూసి, చేతుల ఫోటో తీయించాలి. నాకేం, బాగానే ఉన్నాననుకుంటూ తిరుగుతూ ఉంటాడు. లోపల ఇదంతా మొదలై ఉంటుంది."

"వాడి గొడవ ఎందుకిప్పుడు?" అన్నాడు మాస్టారు. అని, నీళ్లడిగాడు.

వెనక నిలబడ్డ అత్తగారు సీసా మూత తీసి అందించింది. ఆయన గటగటా తాగాడు. గడ్డం మీద నుంచి నీళ్లు కారి చొక్కా తడిసింది. డాక్టరమ్మ అది అయ్యేదాకా ఆగి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. ఇది ఇంజక్షన్ల వల్లే అని తెలిస్తే ఇవాళే స్టెరాయిడ్ మొదలుపెట్టొచ్చు. కాకపోతే క్యాన్సరేమో చూడాలి, క్షయేమో చూడాలి. లోపల క్షయ ఉంటే, అది తెలీకుండా స్టెరాయిడ్ ఇస్తే ఒళ్లంతా పాకుతుంది. అందుకని జబ్బలో గడ్డ దగ్గర కోసి ముక్క తీయాలి, తుంటి ఎముకలోంచి మూలుగ తీయాలి, రిపోర్టులు వచ్చేదాకా సెలైనుతో నెట్టుకురావాలి.

"అప్పటిదాకా కిడ్నీలు తట్టుకుంటాయా అండీ?"

"నా భయం కూడా అదే," అంది డాక్టరమ్మ.

ఇన్ని మాటల్లోనూ అత్తగారి చెవిన పడింది క్యాన్సర్ ఒక్కటే. వరండాలోకి రాగానే గోడకి చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ దుఃఖంలో కూడా కోడలి మీద మోపడానికి నేరం వెతుక్కోవడం మానలేదు.

"నేను చెబుతూనే ఉన్నా, చెంబుడు చెంబుడు పాలు పట్టకే అని. పాలల్లోనేగా ఆ కాల్షియం ఉండేది!"

పాలు చాలడం లేదు, ఇంకో గ్లాసు పొయ్యమని రోజూ వెంటపడింది అత్తగారే. ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఎక్స్‌రే ఉన్న పెద్ద కవరు చంకలో పెట్టుకుని, చక్రాల కుర్చీని వార్డు వైపు తోసుకుంటూ వెళ్లింది.

మధ్యాహ్నానికల్లా జిమ్ము కుర్రాళ్లు దిగారు. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో. మాస్టారిది రెండు మంచాల గది, పక్క మంచం ఖాళీ. కుర్రాళ్లు దాని మీద వరసగా సర్దుకుని కూచున్నారు. అంత లావుపాటి మనుషులు ఒకరి మీద ఒకరు ఒరుగుతూ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక అవస్థ పడుతుంటే, వేరే రోజయితే ఆమెకి నవ్వొచ్చేది.

"క్యాన్సరంట కదా మేడం," అన్నాడు వాళ్లలో పొడుగ్గా ఉన్నవాడు. అందరూ వాణ్ణి గెడ అంటారు. అంటూనే బావురుమన్నాడు. "ఒక్క సూది కూడా ముట్టని మనిషికి ఇదేం ఖర్మ మేడం! అడ్డమైన మందులన్నీ ఎక్కించుకునేవాళ్లు గుండ్రాళ్లలా తిరుగుతున్నారు."

ఆమె మాస్టారి వైపు చూసింది. వారం రోజులుగా చుట్టచుట్టుకుని పడుకుంటున్న మనిషి దిండు సర్దుకుని నిటారుగా కూచున్నాడు. "ఏడవకండ్రా," అన్నాడు. "క్యాన్సరయితే ఏంటి? పోరాడతాను." కుర్రాళ్ల కళ్లు మెరిశాయి. ఆయన కళ్లూ మెరిశాయి. కాసేపు ఆయనకి జబ్బే లేనట్టుంది.

ఏదో తేడాగా ఉందని ఆమెకి అప్పుడే తోచింది. క్యాన్సర్ మాట విన్నప్పటినుంచీ ఆమె ముద్ద మింగలేదు. ఈయనకేమో ఆ మాట మీద ఊతం దొరికినట్టుంది. ధైర్యస్తుడు కదా అని సర్దిచెప్పుకుంది.

సాయంత్రం ఇంటికెళ్లి మిషను ముందు కూచుంది. ఎవరిదో కోటు, చెయ్యి బిగుతుగా ఉందని వదులు చెయ్యమని ఇచ్చారు. లోపలి కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో విప్పుతుంటే ఆలోచనంతా తమ్ముడి మీదికి పోయింది. వాడికీ దాహం వేస్తోందేమో. వాడూ తిన్నది కక్కుకుంటున్నాడేమో. ఒంటరిగా బతికేవాడు, చెప్పుకోవడానికి ఎవరున్నారు? బ్లేడు జారి కోటు గుడ్డ మీద చిన్న గాటు పడింది. ఇన్నేళ్లలో ఆమె చేతిలో పరాయి గుడ్డ తెగడం అదే మొదటిసారి.

తమ్ముడు పనిచేసేది అద్దాల కొట్టులో. మర్నాడు ఉదయం ఆమె వెళ్లేసరికి బల్ల మీద పెద్ద అద్దం పరిచి, దాని మీద కర్ర స్కేలు పెట్టి, అద్దం కోసే చక్రపు కత్తిని కిరసనాయిల్లో ముంచుతున్నాడు. తలెత్తి చూశాడు. చూసి, ముందు గీత గీశాడు. ఒకటే గీత, ఆపకుండా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కిర్రుమంటూ. గీతని బల్ల అంచుకి సరిగ్గా జరిపి రెండు చేతులతో కిందికి నొక్కాడు. టక్కుమని విరిగింది.

"ఏంటక్కా, దారి తప్పొచ్చావా?"

"ఒంట్లో ఎలా ఉందిరా?"

"ఇన్నాళ్లకి అడిగావు. బాగానే ఉంది."

"దాహం ఎక్కువగా వేస్తోందా?"

"ఈ ఎండల్లో ఎవరికి వెయ్యదు?" అన్నాడు. అంతలోనే ఆమె మొహంలోకి చూసి కత్తి కింద పెట్టాడు. "ఏమైంది?"

నిలబడే అంతా చెప్పింది. మాస్టారి సంగతి, చేతుల్లో తెల్లటి పలుకులు, డాక్టరమ్మ మాటలు. చెబుతున్నంతసేపూ తమ్ముడు అరచేతికంటిన అద్దపు పొడిని గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నా మీద కోపముంటే ఉండనీ. ఈ ఒక్క మాట విను, నీ కాళ్లు పట్టుకుంటా. వచ్చి ఫోటో తీయించుకో."

"సూదుల సంగతి డాక్టరు అడిగిందన్నావు. బావేమన్నాడు?"

"లేదన్నారు. అడిగినందుకు నేనే డాక్టరుగారి మీద ఎగిరాను కూడా."

తమ్ముడు ఇంకో గాజుపలక తీసి బల్ల మీద పెట్టాడు. గీత గీశాడు. ఈసారి నొక్కితే గీతని వదిలేసి వంకరగా విరిగింది. ఆ ముక్కల్ని కాసేపు చూస్తూ నిలబడి, "పద," అన్నాడు. "తీయించుకుంటా."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. దారంతా వాడి పక్కన నడుస్తూ దొంగచూపులు చూసింది. చిక్కిపోయాడు. ఒకప్పుడు చొక్కాలు వీపు దగ్గర పట్టేవి, ఇప్పుడు భుజాల మీంచి వేలాడుతున్నాయి.

ఆస్పత్రిలో రక్తం తీసుకున్నారు. ఎక్స్‌రే గదిలో చొక్కా విప్పించి, ఒక్కో చెయ్యీ పలక మీద పెట్టించి తీశారు. ఇద్దరూ బయట బెంచీ మీద కూచున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. లోపలివాళ్లు పిలవగానే ఆమే ముందు లేచి వెళ్లింది.

"ఏమీ లేదమ్మా," అన్నాడు ఎక్స్‌రే తీసిన మనిషి. "శుభ్రంగా ఉన్నాయి రెండూ."

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఫిల్ము తీసుకుని వరండాలో కిటికీ దగ్గరికి పరిగెత్తి వెలుతురుకి పట్టుకుంది. తెల్లటి ఎముక, చుట్టూ పల్చటి బూడిదరంగు కండ. ఒక్క పలుకు లేదు. కవర్లోంచి మాస్టారి ఫిల్ము తీసి పక్కన పెట్టింది. అందులో సున్నం పెచ్చులు అలాగే ఉన్నాయి. సంతోషంగా ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ చూస్తూ ఉండగా ఆ సంతోషం కాస్తా చల్లారిపోయింది.

"నువ్వు కొంచెమే వేసుకున్నావేమో కదరా?" అంది.

"ఒక్క చుక్క కూడా వేసుకోలేదక్కా."

"మరి ఆ సీసా?"

"బావది."

ఎవరో రోగిని స్ట్రెచర్ మీద తోసుకొస్తున్నారు. ఇద్దరూ గోడకి ఒదిగి దారిచ్చారు. అది వెళ్లిపోయాక తమ్ముడు కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూస్తూ చెప్పాడు.

"ఎడమ చేత్తో సూది కుదిరేది కాదు ఆయనకి. ఒకసారి వంకరగా దిగి జబ్బ వాచిపోయింది. అప్పట్నుంచి రెండు చేతులకీ నేనే వేసేవాణ్ణి. ఏడాది పైన వేశాను. ఆ రోజు మందు తెమ్మంటే తెచ్చాను, సంచిలో ఉంది. టవలుకని ఎవడో నా సంచి తీశాడు. సీసా పైకెత్తి, ఇదేంటన్నా అని అరిచాడు. అందరూ చేరారు. బావ వచ్చాడు. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. కొట్టాడు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేది కాదు. ఆ సంగతి వాడికి తెలుసు, ఆమెకీ తెలుసు. ఆ రోజు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడితే, మాట కూడా పూర్తి కానివ్వకుండా తలుపేసింది. తలుపు అవతల కాసేపు నిలబడి, చెప్పులీడ్చుకుంటూ వెళ్లిపోయిన చప్పుడు విని, తిక్క కుదిరిందనుకుంది. ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఏడుపు ఆపుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"బావ మర్నాడు వచ్చి సర్దుకుంటాడులే అనుకున్నా," అన్నాడు తమ్ముడు. "వస్తాడు వస్తాడని చాలా రోజులు చూశాను."

ఆమె కళ్లు తుడుచుకుని వాడి చెయ్యి పట్టుకుంది. "పద. డాక్టరమ్మ పైనే ఉంది. ఇదంతా చెప్పు. ఇవాళే మందు మొదలుపెడుతుంది."

తమ్ముడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేను రానక్కా. సూది గుచ్చింది ఈ చేతులు. రేపు బావకి ఏమన్నా అయితే మీ అత్తగారు ఊరుకుంటుందా? పొడిచి పొడిచి చంపాడంటుంది. ఆ కుర్రాళ్లు మా కొట్లో ఒక్క అద్దం మిగల్చరు. ఒకసారి ఆయన కోసం దొంగనయ్యాను. ఇప్పుడు హంతకుణ్ణి కూడా కమ్మంటావా?"

ఆ మాటలో పిసరంత అబద్ధం లేదు.

"పశువుల మందు. సీసా మీద ఏ, డీ, ఈ అని ఉంటుంది. చిక్కగా నూనెలా ఉంటుంది," అన్నాడు తమ్ముడు మెట్లు దిగబోతూ. "ఆయన నోటితో ఆయన చేతే చెప్పించు. అదే మంచిది."

మర్నాడు పొద్దున్నే ముక్క తీయడానికి ఏర్పాటైంది. తెల్లారగానే అత్తగారిని టీ తాగి రమ్మని కిందికి పంపి, ఆమె మంచం అంచున కూచుంది. మాస్టారి పెదాలు ఎండి పెచ్చులు కట్టాయి. తడిగుడ్డతో తుడిచింది.

"తమ్ముడు ఫోటో తీయించుకున్నాడండీ. వాడి చేతులు శుభ్రంగా ఉన్నాయి."

ఆయన కళ్లు ఆమె మీదికి తిరిగి అక్కడే ఆగాయి.

"నేను ఎవరితోనూ అనను. కుర్రాళ్లకి తెలీదు, అత్తయ్యకీ తెలీదు. డాక్టరమ్మ ఒక్కరికి చెప్పండి. ప్రాణం నిలబడితే చాలు నాకు."

"వాడు అబద్ధాలకోరు," అన్నాడు. అంతలోనే, ఎవరో పక్కనుండి అడిగినట్టు వేరే వైపు చూస్తూ గొణిగాడు. "ఈ చేతులు చూసేగా వాళ్లంతా వచ్చేది. క్యాన్సరైతే కానీ. ఈ సంగతి నాతోనే పోతుంది."

"మీరు పోతే నేనేం కావాలండీ?"

ఆయన మళ్లీ మగతలోకి జారిపోతున్నాడు. ఆ జబ్బని పట్టుకుంటే చర్మం కింద రాయిలా గట్టిగా తగిలింది. కొత్తల్లో గర్వంగా నొక్కి చూడమనేవాడు, ఉక్కు ఉక్కు అంటూ. ఆమె కూడా మురిసిపోయేది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ, వెనక నర్సు, ఆ వెనక అత్తగారు, గుమ్మంలో గెడా ఇంకో ఇద్దరు కుర్రాళ్లూ.

"రాత్రి నుంచి ఒంటేలు తగ్గిపోయింది," అంది డాక్టరమ్మ. "ఇంక ఆలస్యం చెయ్యలేను. ముక్క తీసినా రిపోర్టుకి రోజులు పడతాయి. ఈలోపు కిడ్నీలు ఆగిపోతే డయాలసిస్ పెట్టాల్సి వస్తుంది. దేనికైనా సిద్ధంగా ఉండండి."

ఆమె మాస్టారిని చూసింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. అన్నీ వింటున్నాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడైనా చెబుతాడు అనుకుంది. గోడ మీద ఫ్యాను కిరకిరలాడుతూ తల తిప్పుతోంది.

"ముక్క వద్దండీ," అంది ఆమె. "ఇంజక్షన్లు వేశాం. నేనే వేశాను."

డాక్టరమ్మ ఆగింది.

"భుజాలు నొప్పంటే బలానికని నేనే వేశాను. ఏం మందో ఆయనకి తెలీదు. పశువుల విటమిన్ మందు, నూనెలా చిక్కగా ఉంటుంది, సీసా మీద ఏ డీ ఈ అని ఉంటుంది. రెండు చేతులకీ, ఏడాది పైన. కొట్లో ఇస్తే తెచ్చాను. నిన్నా మొన్నా భయమేసి చెప్పలేదు." ఇంత పెద్ద అబద్ధం ఇంత వరసగా ఎలా వచ్చిందో ఆమెకే తెలీలేదు. తమ్ముడి ఊసు రాకూడదు, ఈయన పరువు పోకూడదు, మందు పేరు మాత్రం చెప్పాలి. అందుకు ఇదొక్కటే దారి కనబడింది.

అత్తగారు వచ్చి ఆమె భుజం పట్టుకుని ఊపేసింది.

"నా కొడుకుని గొడ్డనుకున్నావటే! గొడ్ల మందు పొడిచావటే నా బిడ్డకి!"

"మీరా మేడం!" అన్నాడు గెడ. వాడి మొహంలో అసహ్యం స్పష్టంగా కనబడింది.

డాక్టరమ్మ ఆమెని నమ్మిందో లేదో తెలీదు. చూపు మాత్రం ఆమె మీంచి మాస్టారి మీదికి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగొచ్చింది. "అంతేనా మాస్టారూ?" అని అడిగింది.

ఆమె కూడా ఆయన వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. పూర్తిగా చెప్పక్కర్లేదు, కాదు అని తల అడ్డంగా ఊపినా చాలు.

"నీళ్లు," అన్నాడు మాస్టారు.

స్టెరాయిడ్ ఆ పూటే మొదలైంది. క్షయ లేదని నిర్ధారణకి కఫం, రక్తం పరీక్షలకి పంపారు. మాస్టారి రక్తంలో విటమిన్ మామూలు కంటే ఎన్నో రెట్లు ఉన్నట్టు బయటి ల్యాబు నుంచి కబురొచ్చింది. తమ్ముడి రక్తంలో ఏ లోపమూ లేదట. దాహం తగ్గింది, వాంతులు ఆగాయి, ఒంటేలు సవ్యంగా వస్తోంది. ఒకరోజు గిన్నెడు జావ తాగి ఇంకొంచెం పొయ్యమన్నాడు.

ఆమెకి మాత్రం రోజులు గడవడం కష్టమైపోయింది. అత్తగారు ఆమె చేతి నీళ్లు కొడుకుని ముట్టనివ్వలేదు, మందు బిళ్లలు కూడా తనే లెక్కచూసి ఇచ్చింది. కుర్రాళ్లు వరండాలో ఎదురుపడితే గోడ వైపు తిరిగి వెళ్లిపోయారు. ఇంటికెళితే గుడ్డలిచ్చినవాళ్లలో ఇద్దరు కత్తిరించకముందే వెనక్కి తీసుకుపోయారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "అదేంటమ్మా, నిక్షేపంలాంటి మొగుణ్ణి చేతులారా!" అని నోరు నొక్కుకుంది. ఆమె అన్నీ దిగమింగింది. దిగమింగగలిగింది కూడా. ఎందుకంటే ఆ రోజు ఆయన ఆయనలా లేడు. రక్తంలో అంత విషం పెట్టుకుని మనిషికి మంచీ చెడూ ఎలా తెలుస్తుంది? తల తేరుకోనీ. తేరుకున్నాక ఆయనే పిలిచి, అదేంటే, అలా చెప్పావేంటి అంటాడు. ఆ ఒక్క మాట కోసం ఎన్ని మాటలైనా పడొచ్చు.

రోజూ డాక్టరమ్మని అడిగేది, "తల తేరుకుందా అండీ?" అని. డాక్టరమ్మ ఆయన్ని తారీకు అడిగేది, వంద నుంచి ఏడేసి తీసేస్తూ చెప్పమనేది. మొదట్లో తొంభైమూడు దగ్గరే ఆగిపోయిన మనిషి చివరికి గడగడా కిందిదాకా దిగిపోయాడు.

"పూర్తిగా తేరుకున్నారు," అంది డాక్టరమ్మ. "రేపు ఇంటికి తీసుకెళ్లొచ్చు. మందులు ఆపకూడదు, గడ్డలు అలాగే ఉంటాయి, ఎప్పటికప్పుడు రక్తం చూపించుకోవాలి."

ఇంటికెళ్లే రోజు కుర్రాళ్లు పూలదండతో వచ్చారు. బయట వరండాలో వాళ్ల నవ్వులు వినబడుతున్నాయి. అత్తగారి గొంతు అందరికంటే పైకి వినబడుతోంది, మృత్యువు నోట్లోంచి ఎలా లాక్కొచ్చిందో వాళ్లకి చెబుతోంది. ఆమె తలుపు దగ్గరగా వేసి మాస్టారికి చొక్కా తొడుగుతోంది. ఈ వారాల్లో మనిషి తగ్గాడు, చేతులు మాత్రం తగ్గలేదు.

"బాగా వదులైంది," అన్నాడు నవ్వుతూ. "ఇంటికెళ్లగానే నీ మిషనుకి పని."

ఆమె కూడా నవ్వింది. గుండీలు పెడుతూ కాస్త ఆగింది. ఆయనే ఎత్తుతాడేమోనని చూసింది. ఆయన దువ్వెన కోసం చుట్టూ వెతుక్కుంటున్నాడు.

"ఆ రోజు డాక్టరమ్మకి నేనేం చెప్పానో మీకు గుర్తుందా అండీ?"

దువ్వెన దొరికింది. తల దువ్వుకుంటూ, "గుర్తులేకేం?" అన్నాడు. "నేనే అనుకున్నా, భలే చెప్పిందే అని. పోనీలే, అలాగే ఉండనీ. కొన్నాళ్లకి అందరూ మర్చిపోతారు. అమ్మ నోటిదురుసు నీకు కొత్తేం కాదుగా."

"మరి మా తమ్ముడు?"

"వాడికేమైంది? ఫోటోలో ఏమీ లేదన్నావుగా. బాగానే ఉన్నాడుగా."

ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఇన్నాళ్లూ పట్టుకుని వేలాడుతున్న కొమ్మ విరిగిందని తెలిసింది, అయినా పడిపోలేదు. భయం ఎటుపోయిందో పోయింది. చివరి గుండీ పెట్టి, కాలరు సరిచేసి, డాక్టరమ్మలా ఆయన ఎదురుగా నిలబడింది.

"ఇవాళ తారీకెంతండీ?"

ఆయన నవ్వి చెప్పాడు.

"వాణ్ణి ఏ చెంప మీద కొట్టారు?"

"ఎడమ..." అనేశాడు. అన్నాక నవ్వు ఆగిపోయింది.

"అన్నీ గుర్తున్నాయన్నమాట."

ఆమె వెళ్లి తలుపు బార్లా తెరిచింది. వరండాలో నవ్వులు ఆగాయి. గెడ చేతిలో పూలదండ తడి కారుతోంది. అత్తగారు మొహం ముడుచుకుంది.

"రండత్తయ్యా, లోపలికి రండి," అంది. "మీరూ రండి బాబూ, అందరూ రండి. మాస్టారికి తల బాగా తేరుకుంది. ఆ సూదులు ఎవరు ఎవరి కోసం తెచ్చారో, ఆ రోజు మీ అందరి ముందూ దెబ్బ ఎవరు ఎందుకు తిన్నారో ఆయనే చెబుతారు."

"ఏంటే ఇది?" అన్నాడు మాస్టారు మంచం మీంచి. ఆమె వెనక్కి తిరగలేదు.

కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, ఒకరి వెనక ఒకరు లోపలికొచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. అత్తగారు ఖాళీ మంచం మీద కూచుంది. అందరూ వచ్చాక ఆమె తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.